ప్రశ్న కలిపి చెప్పమ్మా

ఇస్త్రీ షాపు నుంచి

అమ్మా కత్తెరా,

నీ అసలు పేరు నాకు తెలుసు. కానీ మా పిల్ల ఇంట్లో ఒక్కసారి కూడా నిన్ను ఆ పేరుతో అనలేదు. "మా కత్తెర ఇలా అంది, మా కత్తెర అలా కోసింది" అనేది. కాలేజీలో మీరు తీసే సినిమాల్ని ముక్కలు కోసి అతికించే పని నీదని, అందుకే ఆ పేరని చెప్పింది. వేరే పేరు రాద్దామంటే నాకు చెయ్యి రావడం లేదు. ఏమీ అనుకోకు.

ఫోను చేద్దామనే అనుకున్నాను. మొన్న నువ్వు చేసినప్పుడు ఏమైంది? నువ్వు "హలో" అన్నావు, నేను "ఆ" అన్నాను, తర్వాత ఇద్దరం గోడల్లా నిలబడిపోయాం. ఫోనులో ఊరుకుంటే ఆ ఊరుకోవడం వినపడుతుంది. కాగితం మీద ఎంతసేపు ఆగినా ఎవరికీ తెలియదు. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని, తప్పులుంటే నువ్వే సర్దుకో.

జ్వరమన్నారు, ఆసుపత్రన్నారు, నేను బస్సు దిగేసరికి అంతా అయిపోయింది. ఎండల్లో పోయింది మా వసపిట్ట. ఇప్పుడు వానలు కూడా వెనకపట్టాయి. దాని ట్రంకు పెట్టె మీ హాస్టల్ వాళ్ళు పంపారు. బట్టలు, దువ్వెన, చార్జరు, ఒంటి చెప్పు, అన్నీ వచ్చాయి. రానిది ఒకటే. ఆఖరిసారి సెలవులకి వచ్చినప్పుడు నేను ఇస్త్రీ చేస్తుంటే ఎదురుగా కెమెరా పెట్టి తీసింది కదా, ఆ సినిమా. మీ ఇద్దరి పరీక్షకీ అదేనట కదా. ఎంతవరకు వచ్చింది? చూడాలని ఉంది. చూడ్డం కాదు, వినాలని ఉంది. వాగుడు ఆపేది కాదని వసపిట్ట అని పేరు పెట్టింది నేనే. ఇంట్లో ఇప్పుడు చెంబు కింద పెడితే ఆ చప్పుడికి నేనే ఉలిక్కిపడుతున్నాను.

షాపు బాగానే నడుస్తోంది. నా గురించి బెంగ వద్దు. నువ్వు ఇవాళ ఏం తిన్నావు?

వసపిట్ట అమ్మ

*

కాలేజీ, ఎడిటింగ్ గది

ఆంటీ గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. ఆ పేరుతోనే పిలవండి. ఇక్కడ ఇప్పుడు నన్ను అలా పిలిచేవాళ్ళు లేరు.

మా కమ్యూనికేషన్, మీడియా కోర్సులో చివరి ఏడాది ఇద్దరిద్దరు కలిసి ఒక డాక్యుమెంటరీ ఇవ్వాలి. తీయడం తన వంతు, ఎడిటింగ్ నా వంతు అని మొదటి సంవత్సరమే పంచుకున్నాం. సినిమా దాదాపు అయిపోయింది. చివర్లో ఇద్దరి పేర్లూ వస్తాయి, తన పేరే ముందు. రంగులు ఇంకా సరిచేయాలి గానీ, మీరు చూడాలన్నారు కాబట్టి పెన్‌డ్రైవ్‌లో వేసి పంపుతున్నాను.

మీరు చాలా బాగా మాట్లాడారు ఆంటీ. క్లాసులో కొంత చూపిస్తే మా సార్ "ఈవిడ కెమెరా ముందే పుట్టినట్టున్నారు" అన్నారు. సార్ ఎవర్నీ మెచ్చుకోరు.

ఇక్కడ అంతా బాగుంది. తిన్నాను.

కత్తెర

*

ఇస్త్రీ షాపు నుంచి

కత్తెరా,

ముందు ఆ ఆంటీ అనడం మానెయ్. దుప్పట్లు ఇస్త్రీకి వేసేవాళ్ళంతా నన్ను ఆంటీ అనే అంటారు. పిన్నీ అను.

నువ్వు పంపింది చూశాను. పైవాటాలో ట్యూషన్ చెప్పే టీచరమ్మ ఉంది, ఆవిడ కంప్యూటర్లో చూశాం. పాపం పిల్లల్ని బయటికి పంపి తలుపేసింది. సినిమా బాగుంది. నా చేతులు అంత నల్లబడ్డాయని నాకే తెలియదు. గంజి దుప్పటి మీద ఆవిరి లేవడం భలే పట్టింది. అంతా బాగుంది. కానీ అమ్మా, అందులో నేను ఎవరితో మాట్లాడుతున్నాను?

మొదటినుంచి ఆఖరిదాకా నేనే. పక్కకి తిరిగి నవ్వుతాను, అక్కడెవరూ ఉండరు. "ఇరవై ఏళ్ళుగా నేను ఈ ఇస్త్రీ పని చేస్తున్నాను" అంటాను, అడిగినవాళ్ళు లేరు. టీచరమ్మేమో "ఎంత ధారాళంగా మాట్లాడారండీ!" అని చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. నాకు మాత్రం గోడతో మాట్లాడే పిచ్చిదాన్ని చూసినట్టుంది.

ధారాళం నాకెక్కడిది? మా వసపిట్ట నేర్పిందే. మొదట్లో "ఎన్నేళ్ళుగా చేస్తున్నావమ్మా?" అంటే "ఇరవై" అనేదాన్ని. నెత్తి కొట్టుకునేది. "ఇరవై ఏంటమ్మా, ఇరవై గుడ్లా? నేనడిగింది వాళ్ళకి వినపడదు. నా ప్రశ్నని నీ జవాబులో కలిపి చెప్పు" అనేది. సెలవులంతా ఇదే పాఠం. నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఎదురు క్లినిక్ కంపౌండరు వచ్చి "చొక్కా అయిందా?" అంటే "మీ తెల్లచొక్కా ఇస్త్రీ అయిపోయిందండీ" అనేదాన్ని. "ఏంటమ్మా, వార్తలు చదువుతున్నావా?" అని నవ్వేవాడు.

అంత బాగా నేర్చుకున్నాను. దాని ప్రశ్నలన్నీ నా జవాబుల్లో ఇమిడిపోయాయి. ఇక అది అక్కర్లేకుండా పోయింది. నేను మొద్దుదానిలాగే ఉండిపోవాల్సింది.

దాని గొంతు ఎక్కడ పెట్టావు? అది పంపు చాలు. సినిమా నువ్వే ఉంచుకో.

నేను ఏం తిన్నావని అడిగితే నువ్వు "తిన్నాను" అని రాశావు. ప్రశ్న కలిపి చెప్పు.

పిన్ని

*

హాస్టల్, పై అంతస్తు చివరి గది

పిన్నీ,

మీరు అనమన్నారని అంటున్నాను.

జవాబు ఆలస్యమైంది. రెండుసార్లు రాసి చింపేశాను. మీకు చెప్పని మాట ఒకటుంది.

కంప్యూటర్లో ఎడిటింగ్ చేసేటప్పుడు మాట చెవికే కాదు, కంటికి కూడా తెలుస్తుంది. తెర మీద అడ్డంగా ఒక గీత పాకుతుంటుంది. గట్టిగా మాట్లాడితే పొంగుతుంది, ఆగితే సన్నబడుతుంది. మీ మాట నిదానంగా లేచి నిదానంగా దిగుతుంది, దుప్పటి దులిపినట్టు. తన మాట రంపం పళ్ళలా ఉంటుంది. మొదటి ఏడాది నుంచీ చూసి చూసి ఆ ఆకారం నాకు కంఠతా వచ్చేసింది. అందుకని స్పీకర్ కట్టేశాను. రంపం పళ్ళు కనబడ్డ చోటల్లా కోసుకుంటూ పోయాను. ఒక్క ముక్క కూడా వినలేదు పిన్నీ. వినలేకపోయాను.

అడిగేవాళ్ళ గొంతు వినపడకూడదన్నది మా సార్ పెట్టిన రూలు. తను మీకు నేర్పింది కూడా అందుకే. నాకు ఆ రూలు ఒక సాకయింది.

గొంతు ఎక్కడికీ పోలేదు. కోసిన ముక్కలన్నీ ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. దాని పేరు "చెత్త". వాడని ముక్కలకి మేమందరం ఆ పేరే పెడతాం, అది పనిలో అలవాటు. పేరు మారుద్దామని దాని దగ్గరికి వెళ్ళి, అక్కడే ఆగిపోతున్నాను. సినిమా ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది. ఇలాగే ఇచ్చేస్తాను. తర్వాత ఎప్పుడైనా ధైర్యం వస్తే ఆ ముక్కలు మీకు పంపుతాను.

గదిలో తన మంచం ఇంకా ఖాళీగానే ఉంది. కొత్త అమ్మాయిని వేస్తామన్నారు, వేయలేదు.

నేను ఇవాళ బిస్కెట్లు తిన్నాను. ప్రశ్న కలిపే చెప్పాను.

కత్తెర

*

ఇస్త్రీ షాపు నుంచి

చెత్తా?

నా బిడ్డ గొంతుకి మీరు పెట్టుకున్న పేరు చెత్తా? ఇందుకా అంతంత చదువులు? నోట్లో నాలుక ఆగని పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని నోరు కోశావా? దాని కంచంలో చెయ్యి పెట్టి తిన్నదానివే కదా నువ్వు! నీ రూలూ వద్దు, నీ సారూ వద్దు. నాకు ఉత్తరాలు రాయకు.

పైన రాసింది నిన్నటిది. చింపేద్దామనుకున్నాను. ఆ కోపం కూడా నాదే కదా, ఉండనీ అని ఉంచాను. చదివి ఏడిస్తే ఏడువు గానీ ఇది కూడా చదువు.

నేను చెప్పిందీ అబద్ధమే. షాపు నడవడం లేదు. అది పోయిన దగ్గర్నుంచి తెరవనే లేదు. షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరి, మళ్ళీ దించేసుకుని కూర్చుంటాను. కంపౌండరు ఒకసారి షట్టరు కిందనుంచి బట్టల మూట తోసి, "తొందరేం లేదమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ మూట అక్కడే ఉంది. దాని ముడి కూడా విప్పలేదు.

నేను చేసేదల్లా దాని బట్టలు. పెట్టెలోంచి తీసి నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసి మడతపెట్టి మళ్ళీ పెట్టెలో పెడతాను. మర్నాడు మళ్ళీ తీస్తాను. తొడగనిదే నలగదు కదా, నలగని బట్టకి ఇస్త్రీ ఏమిటి? పసుప్పచ్చ కుర్తా మోచేతుల దగ్గర మెరుపొచ్చేసింది. బట్ట మెరిసిందంటే చావుకొచ్చిందని లెక్క. తెలిసే చేస్తున్నాను.

కాబట్టి నిన్నేమని తిట్టను? నువ్వు స్పీకరు కట్టేశావు, నేను షట్టరు దించాను. దొందూ దొందే.

ఒకటి మాత్రం చెయ్యి. ఆ చెత్త అన్న పేరు తీసెయ్. అందుకోసం వెళ్ళినప్పుడు ఒక్క ముక్క విను. ఒక్కదాన్నే ఉన్నాననుకోకు. నేను నీ పక్కన కుర్చీలో ఉన్నాననుకో. మొదటి ముక్క నువ్వు విను, రెండోది నేను వింటాను.

బిస్కెట్లు తిండి కాదు.

పిన్ని

*

ఎడిటింగ్ గది

పిన్నీ,

పేరు మార్చాను. ఇప్పుడు ఆ ఫోల్డర్ పేరు "వసపిట్ట".

పక్క కుర్చీ లాగి పెట్టుకుని విన్నాను. ఒక్క ముక్కే విందామనుకుని మొత్తం వినేశాను. వాచ్‌మన్ వచ్చి "ఒక్కదానివే నవ్వుకుంటున్నావేంటమ్మా?" అని అడిగాడు. అప్పుడు గాని నేను నవ్వుతున్నానని నాకే తెలియలేదు. ఒక ముక్క ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అమ్మా, పొద్దున్న ఎన్నింటికి లేస్తావు?"

"పెందలాడే."

"అమ్మా! ప్రశ్న కలుపు."

"నువ్వు అడిగావు కదే, మళ్ళీ నేనెందుకు అడగడం?"

"నేను అందులో ఉండను కదమ్మా."

"ఎందుకుండవు? ఎక్కడికి పోతావు?"

"సినిమాలో ఉండను తల్లీ! ఇక్కడే ఉంటా, కెమెరా వెనక."

"అలా ఏడువు. సరే. పెందలాడే లేస్తాను నేను... ఇంతకీ ఏమడిగావు?"

తర్వాత మీరిద్దరూ నవ్వుతూనే ఉన్నారు. కెమెరా కూడా ఊగింది. మధ్యలో ఎవరో మగాయన వచ్చి "తల్లీకూతుళ్ళు షూటింగా? హీరో ఎవరు, నా చొక్కానా?" అన్నాడు. "మీ చొక్కా విలనండీ, కాలరు చూడండి ఎలా ఉందో" అంది తను. మీ కంపౌండరు ఆయనే అనుకుంటా.

పిన్నీ, నాకొకటి అర్థమైంది. మీరు సరిగ్గా చెప్పిన చోట తను ఎక్కడా లేదు. మీరు తప్పు చెప్పిన ప్రతిచోటా ఉంది, అడ్డుపడుతూ, బతిమాలుతూ, వెక్కిరిస్తూ. నేను ఒప్పులన్నీ ఏరి సినిమా చేశాను. ఇప్పుడు ఒప్పులు తీసేసి తప్పులతో చెయ్యాలని ఉంది. సార్ ఒప్పుకోరు, ఫెయిల్ కూడా చెయ్యొచ్చు. ఇద్దరి పేర్లూ ఉన్న సినిమా కాబట్టి తన పేరు కూడా ఫెయిలవుతుంది. మీరు సరేనంటేనే చేస్తాను.

ఇంకొకటి. అన్నిటికన్నా చివరి ముక్కలో తను ఇలా అడిగింది: "అమ్మా, నేను లేనప్పుడు నువ్వొక్కదానివే ఏం చేస్తావు?" హాస్టల్‌కి వచ్చేస్తున్న రోజు అనుకుంటా, బ్యాగు జిప్పు లాగిన చప్పుడు కూడా ఉంది. మీరు "ఆగవే, బొగ్గు కింద పడింది" అన్నారు. అక్కడితో కెమెరా ఆగిపోయింది.

ముక్కలన్నీ కొత్త పెన్‌డ్రైవ్‌లో వేశాను. మీరు ఒక్కరే వినకండి, టీచరమ్మ గారిని పక్కన ఉండమనండి.

నేను ఇవాళ హాస్టల్ మెస్‌లో అన్నం తిన్నాను. మళ్ళీ వేయించుకోలేదు గానీ తిన్నాను.

కత్తెర

*

ఇస్త్రీ షాపు నుంచి

కత్తెరా,

విన్నాను. రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

టీచరమ్మ మొదటి రోజు పక్కన కూర్చుంది. తర్వాత ఆ కంప్యూటరు నాకే వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ట్యూషన్ పిల్లలు గుమ్మంలో నిలబడి విని, ఇప్పుడు ఒకళ్ళనొకళ్ళు "ప్రశ్న కలుపు, ప్రశ్న కలుపు" అని ఏడిపించుకుంటున్నారు. వసపిట్ట ఇది వింటే చంకలు గుద్దుకునేది.

తప్పులతోనే చెయ్యి. పరీక్ష పోతే పోనీ. చిన్నప్పుడు లెక్కల్లో అదెప్పుడు పాసయింది కనుక? దాని పేరుకి ఫెయిలవడం కొత్తేం కాదు. కానీ నీ పేరు కూడా ఉంది. నీకు చదువు ముఖ్యమనిపిస్తే ఒప్పులదే ఇచ్చెయ్, నేనేమీ అనుకోను. నిజంగా అనుకోను.

ఆ ఆఖరి ప్రశ్నకి నాకు జవాబు లేదు. బొగ్గు పడిన మాట నిజమే. పడకపోయినా ఏదో ఒకటి పడిందనేదాన్ని.

ఆకలి లేకపోయినా రెండోసారి వేయించుకో.

పిన్ని

*

హాస్టల్, పై అంతస్తు చివరి గది

పిన్నీ,

సినిమా తప్పులతోనే చేసి క్లాసులో చూపించాం. చూపించాం అని రాసేశాను, అలవాటు. చూపించాను.

మీరు "ఇరవై" అంటే తను "ఇరవై గుడ్లా?" అన్నప్పుడు గదంతా నవ్వారు. "నేను అందులో ఉండను కదమ్మా" దగ్గర ఒక్కళ్ళూ కదల్లేదు. చివర ఆ ప్రశ్న, బొగ్గు చప్పుడు, నల్ల తెర. దానిమీద తన పేరు, కింద నా పేరు.

లైట్లు వేశాక సార్ అడిగారు: "ప్రశ్నలు ఎందుకు తీయలేదు?"

"జవాబులు సరిగ్గా రాలేదు సార్" అన్నాను.

"సరిగ్గా వచ్చినవి నేను చూశాను కదా."

"వాటిలో తను లేదు సార్."

సార్ పెన్ను మూత తీసి, "రూలు పెట్టింది నేను. మార్కులు రూలు ప్రకారమే వేస్తాను" అన్నారు. అలాగే వేశారు. ఇద్దరం అత్తెసరు మార్కులతో గట్టెక్కాం. తర్వాత అందరూ లేస్తుంటే "ఆ ఆఖరి ముక్క ఇంకోసారి వెయ్యి" అన్నారు. వేశాను. వెనక బెంచీ అమ్మాయి ఒకతె అడిగింది, "ఇంతకీ ఆవిడ జవాబు చెప్పలేదా?" అని. "ఇంకా చెప్పలేదు" అన్నాను.

అందరూ వెళ్ళాక వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయాను. సినిమా అయిపోయిన రోజు బయట బెంచీ మీద కూర్చుని గొంతు పోయేదాకా వాగాలని మా ప్లాను. బెంచీ మీద కాసేపు కూర్చుని వచ్చేశాను.

ఇప్పుడు సెలవులు. హాస్టల్ ఖాళీ అవుతోంది. నాన్నకి ఫోను చేశాను. "ఏంటి విషయం?" అన్నారు. విషయం లేకుండా ఫోను చేయడం మా ఇంట్లో లేదు పిన్నీ. "ఏం లేదు" అని పెట్టేశాను. ఇంటికి వెళ్ళాలో వద్దో తెలియడం లేదు. తన మంచం పక్కన నా మంచం జరిపి కట్టేశాను, అంత స్థలం చూడలేక.

ఏం తిన్నానో రాయను. రాస్తే తిడతారు.

కత్తెర

*

ఇస్త్రీ షాపు నుంచి

అమ్మా కత్తెరా,

నీ ఉత్తరం ఇస్త్రీ బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను. కాగితం మీద బూడిద మరక ఉంటే అది బొగ్గుదే.

ఆ వెనక బెంచీ అమ్మాయికి చెప్పు. నాకు నేర్పినట్టే ప్రశ్న కలిపి చెప్తున్నాను.

నా కూతురు లేనప్పుడు నేనొక్కదాన్నే ఏం చేస్తానంటే, పెందలాడే లేస్తాను. షట్టరు పూర్తిగా ఎత్తుతాను. తుప్పు పట్టి కీచుమంది, టీచరమ్మ పైనుంచి తొంగిచూసి లోపలికి వెళ్ళిపోయింది. బొగ్గులు రాజేస్తాను. కంపౌండరు మూట విప్పి ముందు అవే చేస్తాను. ఆయన వచ్చి "ఇన్నాళ్ళకి నా పొట్ట పెరిగిపోయింది, ఇవి పడతాయో లేదో" అన్నాడు. "మీ చొక్కాలు ఇస్త్రీ అయిపోయాయండీ" అన్నాను. ఆయన నవ్వబోయి ఆగి, చొక్కాలు గుండెకి ఆనించుకుని పట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం ఎవరూ రారు. అప్పుడు కెమెరా పెట్టిన మూల వైపు చూస్తాను. అక్కడ ఇప్పుడు బొగ్గుల బస్తా ఉంది. ఏడుస్తాను. ఏడ్చి, తడిసిన చోటు ముందుగా ఇస్త్రీ చేస్తాను. సాయంత్రం బట్టలు ఇచ్చేస్తాను. దీపం పెట్టుకుని ఒక్కదాన్నే తింటాను. ఒక్కదాన్నే అన్నది పోదు. అది ఉంటుంది. అయినా పొద్దున్నే షట్టరు ఎత్తుతాను.

ఇదీ నా జవాబు. దానికి వినపడకపోతే నువ్వు విను.

పసుప్పచ్చ కుర్తా నీకు పంపుతున్నాను. నేనింక దాన్ని ముట్టను. మోచేతుల దగ్గర బట్ట బలహీనంగా ఉంది, జాగ్రత్త. నువ్వు కూడా ఇస్త్రీ చెయ్యకు. వేసుకో, కూర్చో, పడుకో, బాగా నలిపెయ్.

సెలవులకి ఇక్కడికి రా. విషయం ఏమీ అక్కర్లేదు. బస్సు దిగాక ఇస్త్రీ షాపు ఎక్కడని అడిగితే ఎవరైనా చెప్తారు, తెరిచే ఉంటుంది. మంచాలు కట్టుకోనక్కర్లేదు, ఇక్కడ ఉన్నదే ఒక మంచం.

వచ్చేదాకా మాత్రం ఆ బిస్కెట్లతో సరిపెట్టకు తల్లీ. వేళకి కూర్చుని, కడుపునిండా తిను.